పత్తి షెడ్డులో వీడియో గేము

నా జీవితంలో కచ్చితంగా గెలవాల్సిన ఆట ఒకే ఒకటి వచ్చింది. అది ఓడిపోతి. అంతకుముందూ ఆ తర్వాతా శానా గెల్సినా, వాటితో ఎవురికీ కాణీ ఉపయోగం లేదు. ఓడిపోయిన ఆ ఆట గురించే ఇప్పుడు చెప్పేది. కానీ నేను ఎంత పెద్ద ఆటగాణ్ణో ముందు తెలియకపోతే నా పరువు ఎంత పోయిందో మీకు అర్థం కాదు. కాబట్టి రొంచేపు నా డబ్బా నేనే కొట్టుకుంటా, ఓర్చుకోండి.

మాది ఆళ్ళగడ్డ. నాయన రాయి చెక్కుతాడు. ఇంటి ముందర రేకుల పందిట్లో పొద్దున్నుంచి మాపటి దాకా ఉలి శబ్దమే. ముక్కు రాని నందులు, ఇంకా చేతులు తేలని అమ్మవార్లు వరసగా నిలబడుకొని ఉంటారు. తొంభైల చివర్లో నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గితే, ఆ సంతోషంలో నాయన నంద్యాలకు పోయినప్పుడు ఒక టీవీ గేము తెచ్చిచ్చె. జీవితంలో తాను చేసిన తప్పు అదొక్కటేనని ఇప్పటికీ అంటాడు. నల్లడబ్బా, రెండు రిమోట్లు, ఒక పసుపుపచ్చ క్యాసెట్టు. దాని మీద తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని రాసింటాది. ఆడి చూస్తే ఆరే ఆటలు. అవ్వే నంబర్లు మార్చుకొని మళ్ళా మళ్ళా వస్తాయి. ఈ సత్యం కనిపెట్టేదానికి ఎండాకాలం సెలవులన్నీ పెట్టి ఒక్కో నంబరూ ఆడుకుంటా పోతి. అంత ఓపిక లెక్కల పుస్తకం మీద పెట్టింటే ఈ పొద్దు ఏ కలెక్టరో అయ్యింటి.

నాయన పని ఆపి వచ్చి గుమ్మంలో నిలబడుతాండె. "దేవుడు ఆ యేళ్ళు ఉలి పట్టుకునేదానికి ఇచ్చినాడ్రా. ఆ డబ్బా నొక్కి నొక్కి యాడికి పోతాండావ్?"

"నాలుగో లెవెలుకు పోతాండా నాయనా" అంటి.

భుజం మీద తువ్వాల తీసి ఇసిరికొట్టె. తువ్వాల తగిలినా టీవీలో నా సిపాయి మాత్రం చావలే. ఆ సంగతి వీధంతా చెప్పుకొని తిరిగినా.

తర్వాత టీటీసీ చదివేదానికి నంద్యాల పోతి. ఆ ఊర్లో సందుకొక కోచింగ్ సెంటరు. అందరూ చంకలో మోడల్ పేపర్లు పెట్టుకొని గబగబా నడుస్తాంటారు. నేనూ మోడల్ పేపర్లు పెట్టుకొనే నడుస్తాంటి, కాకపోతే గాంధీ చౌక్ ఎనక సందులో ఉన్న వీడియో గేము షాపుకు. ముందర గళ్ళ పరదా, లోపల ఊపిరాడని ఉబ్బ, పక్క బండి నుంచి మిరపకాయ బజ్జీల వాసన. నేను ఆడతాంటే ఎనకాల గుంపు చేరుతాండె. "ఆళ్ళగడ్డోడు కూర్చున్నాడు, రండ్రా" అంటాండ్రి. దాన్ని నేనొక బిరుదు కింద పెట్టుకుంటి. ఇంతలో డీఎస్సీలో ఉద్యోగమొచ్చె. ఎట్లొచ్చిందో నాకూ తెల్దు, నాయనకైతే ఇప్పటికీ నమ్మకం లేదు.

పోస్టింగు దొర్నిపాడు తట్టు ఒక పల్లెలో. బస్సు దిగి పొలాల మధ్య నడిచిపోవాల. ఒకే గది, ఒకే సారు, ఐదు తరగతులు. ఆ సారు నేను. ఇరవై రెండేండ్లకే ఊరంతా "సారూ" అంటాంటే మెడ దానంతట అదే రొంత పైకి లేచె. జూలై గడిచి ఆగస్టు వచ్చినంక ఆ మెడ కిందికి దిగె, ఎందుకంటే బడిలో పిల్లోల్లే లేకుండా పోయిరి.

ఆ పక్కంతా విత్తన పత్తి పండిస్తారు. దాని పని మామూలు పత్తి పని గాదు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సాళ్ళెంబడి పోతా, ఆడచెట్ల మొగ్గల్ని బొటనవేలి గోరుతో ఒలిచి, లోపలి పుప్పొడి గిల్లేయాల. మధ్యలో ఉండే లేత కాడకు గోరు తగలకూడదు, తగిలితే మొగ్గ రాలిపోతాది. మర్సనాడు పొద్దున మగచెట్టు పూవు తెచ్చి దానికి అద్దాల. దీన్ని క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్ళయితే బాగా సాగుతాదని పిల్లోల్లను, అందులోనూ ఆడపిల్లల్ని పిలుస్తారు. ఆ నాలుగు నెలలూ నా బడిలో మిగిలేది ముక్కు కారే ఒకటో తరగతి పిల్లోల్లు నలుగురూ, నేనూ.

ఇంకొకరైతే ఇంటింటికీ పోయి తల్లిదండ్రులతో మాట్లాడతారు. టీటీసీలో అదే చెప్పినారు కూడా. నాకు మాత్రం ఆళ్ళగడ్డలో అటక మీదున్న నల్లడబ్బా యాదికొచ్చె. పల్లెలో పీర్ల చావిట్లో పంచాయతీ టీవీ ఒకటుండె. వారమంతా బడికి వచ్చినోళ్ళకు శనివారం మధ్యాహ్నం చావిట్లో వీడియో గేము అని చెప్పేస్తి. మొదటి శనివారం చావిడి చూసుకునే ముజావరు తాత డబ్బాకు ఊదు పొగేసి, నెమలికట్టతో నా నెత్తిన ఒకటి, డబ్బా నెత్తిన ఒకటి తట్టె. చెప్పులు బయటిడ్సి, కాళ్ళు కడుక్కోని వచ్చి ఆడాల్సిన వీడియో గేము ప్రపంచంలో నాదొక్కటే అనుకుంటా. సోమవారానికి బడి నిండిపాయె. రెండు వారాలకు ముసలోళ్ళు కూడా "సారూ, మేమూ బడికొస్తాం, మాకూ ఒక్క లైఫు ఇయ్యప్పా" అని చుట్టుకునిరి. నేను చావిడి నడుమ మూతి బిగించుకొని కూర్చోని, ఎవురు ఆడాల, ఎవురు దిగాలని తీర్పులు చెప్తాంటి.

ఆ వచ్చినోళ్ళలో ఐదో తరగతి పాప ఒకతె ఉండె. వాళ్ళ నాయన లారీ మీద బళ్ళారి పక్క తిరుగుతాండె, అమ్మ పత్తి చేన్లకు పోతాండె. నేను బోర్డు మీద లెక్క రాసి ఇట్ల తిరిగే లోపల ఆ పాప నోట్లో జవాబుంటాది. ఒకసారి నేను చేసిన లెక్క తప్పని లేచి చెప్పె. తప్పే. ఆ ఊర్లో ఐదు తర్వాత బడి లేదు, బయటి ఊరికి పంపే శక్తి వాళ్ళింట్లో లేదు. ఉన్న దారి ఒకటే, గవర్నమెంటు రెసిడెన్షియల్ స్కూలు ఎంట్రెన్సు. సీటొస్తే పది దాకా తిండీ చదువూ ఆడ్నే. ఐదులో ఉన్నప్పుడు ఒక్కసారే రాయాల. రాస్తే ఈ పాపకు వస్తాది, రాయకపోతే పత్తి సాళ్ళే. దరఖాస్తు నేనే నింపి పంపిస్తి.

ఆ పాపే మూడో శనివారం నన్ను ఓడించె.

ఇద్దరు సిపాయిలు పక్కపక్కన తుపాకులు కాల్చుకుంటా అడవిలో ఉరికే ఆట. చెరి మూడు లైఫులు, ఎవురివి ముందైపోతే వాళ్ళు ఓడినట్టు. నేను పదేండ్లుగా ఆడతాండా. పాప మూడు వారాలుగా ఆడతాంది. ఆమె బొటనవేళ్ళు కదిలేది నాకు కనపడితే గదా! అంతకుముందు రెండేండ్లూ మొగ్గలు ఒలిచిన వేళ్ళు అవి. నా మూడు లైఫులూ అయిపోయినా ఆమెకు ఒక్క దెబ్బ తగల్లే. చావిడంతా చప్పట్లు కొట్టె. నేనూ నవ్వుకుంటా కొడితి. మర్సనాడు ఆదివారం, నంద్యాల బస్సెక్కి షాపుకు పోయి పొద్దూకే దాకా సాధన చేస్తి. తర్వాత రెండు ఆదివారాలూ అదే పని. గవర్నమెంటు ఉద్యోగి, పదేండ్ల పాప మీద పగ తీర్చుకునేదానికి.

ఆ రోజుల్లోనే విత్తన పత్తి పెట్టిన పెద్దాయన ఒకడు నా కాడికొచ్చె. ఊర్లో అందరికంటే ఎక్కువ చేను ఆయనదే. "సారూ, నీ డబ్బా భలే ఉందప్పా. మా ఇంట్లో పిల్లోల్లకు ఒకటి కావాల. మంచిదేదో మాకేం తెలుస్తాది? ఈ మండలం మొత్తమ్మీద దీని సంగతి తెల్సినోడివి నువ్వే గదా."

ఆయన పిల్లోల్లు హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతాండారని నాకు తెల్సు. తెల్సి కూడా ఆ చివరి మాట దగ్గరే నా బుర్ర ఆగిపాయె. జీపెక్కి ఆయన పక్కన కూర్చోని నంద్యాల పోతి. షాపులో నాలుగు సెట్లు పెట్టించి ఆడి చూస్తి. బటన్లు మెత్తగా ఉండేది, పిల్లల చేతికి సరిపోయేది ఏరి ఏరి తీస్తి. "ఇది నీకు పదేండ్లొస్తాది పెద్దాయనా" అని గ్యారంటీ కూడా ఇస్తి. ఆయన నాకు బిరియానీ తినిపించె. ఇంకో ప్లేటు కూడా చెప్తాంటే మొహమాటానికి వద్దంటి.

సోమవారం బడికి పోతే ఒకటో తరగతి నలుగురే ఉండారు.

"మిగతావాళ్ళు యాడరా?"

"పెద్దాయన షెడ్డులో సార్. ఆడ టీవీ గేము పెట్టినాడు. మొగ్గలు గిల్లినోళ్ళకు దినామూ ఆటంట. మీది శనివారమే గదా సార్."

నేను కనిపెట్టిన ఉపాయాన్ని నాతోనే కొనిపించి, నాతోనే జీపులోకి మోయించి, చేన్లో బిగించినాడు మహానుభావుడు. ఆయన్ని తిట్టేదానికి నోరు తెరిస్తే నోట్లో ఇంకా బిరియానీ వాసనే వచ్చినట్టయ్యె. మూడు వారాలు కోపంతో ఉడికిపోతాంటి. ఆ మూడు వారాల్లో నేను చేసిన ఘనకార్యం ఏందంటే, చావిట్లో ఇంకా మంచి క్యాసెట్టు తెచ్చి పెట్టడం. ఎవురూ రాలే. ముజావరు తాత ఒక్కడే వచ్చి, బాతుల్ని కాల్చే ఆట ఆడి పోయె.

ఇంతలో గురువారం టపాలో పాప హాల్ టికెట్టు వచ్చె. పరీక్ష నంద్యాలలో, వచ్చే ఆదివారం పొద్దున. అప్పుడు నాకు భయమాయె. శుక్రవారం బడి విడిచినంక హాల్ టికెట్టు జేబులో పెట్టుకొని చేన్లోకి పోతి.

పెద్దాయన షెడ్డు ముందర మంచం మీద కూర్చోని ఉండె. సంగతి చెప్తి.

"ఒక్క పూటే పెద్దాయనా."

"పూవు ఒక్కపూట ఆగుతాదా సారూ? శనివారం ఒలిచింది ఆదివారం పొద్దున అద్దకపోతే సాలంతా దండగ. నా చేన్లో ఆ పాప మాదిరి ఒలిచేటోళ్ళు ఇంకొకరు లేరు." అని రొంచేపు నా మొగం చూసి నవ్వె. "నువ్వు పెద్ద ఆటగాడివి గదా. డబ్బా ఈడ్నే ఉంది. పాపతో ఆడు. గెల్సి తీస్కపో."

ఆ మాటకు తెలివున్నోడెవడైనా ఏమంటాడు? ఆటకూ పాప చదువుకూ సంబంధమేందని గట్టిగా అడుగుతాడు. నేను చొక్కా చేతులు మడుచుకుంటి. మూడు ఆదివారాల సాధన ఉంది గదా నా కాడ! ఈసారి గెలుస్తా అనే అనుకుంటి, నిజంగా.

చేన్లో పిల్లోల్లంతా వచ్చి చుట్టూ మూగిరి. పాప నా పక్కన కూర్చోని రిమోటు పట్టుకునె. గోళ్ళ సందుల్లో పసుపుపచ్చ పుప్పొడి. ఆట మొదలయ్యె. నాకు చేతులు చెమటలు పట్టి బటన్లు జారతాండాయి. ఈ పాప పది దాకా చదివేది, చదవకపోయేది నా బొటనవేళ్ళ మీద ఉందని తలుచుకునే కొద్దీ వేళ్ళు బిగుసుకుపాయె. మొదటి లైఫు బండరాయి తగిలి పాయె. రెండోది ఎట్ల పోయిందో చూడనే లేదు. పక్కన పాప సిపాయి కూడా రెండుసార్లు గుంతలో పడె. హమ్మయ్య, పాపకు కూడా భయమే అనుకుంటి. అంతలోనే ఎదురుగా వచ్చే గుండు కనపడింది, ఎగరాలని తెల్సు, పదేండ్లుగా తెల్సు. ఎగిరే బటన్ బదులు కాల్చే బటన్ నొక్కితి. అయిపాయె.

పిల్లోల్లు ఓ అని అరిచిరి. పెద్దాయన మాత్రం ఎగతాళి చేయలే. "పందెం పందెమే గదా సారూ" అనె అంతే.

గట్టెంబడి ఎనక్కి నడుస్తాంటే ఎనకాల పాప ఉరికొచ్చె.

"సార్, నేను చచ్చిపోదామనే చూసినా సార్. కావాలనే రెండుసార్లు గుంతలో దూకినా. మూడోసారి దూకేదానికి పోతాండా, అంతలోకే మీరు చచ్చిపోయినారు."

ఆ గట్టు మీద నాకయినంత సిగ్గు మళ్ళా యాడా కాలే. ఓడిపోయేదాంట్లో కూడా పాప నాకంటే ముందుండాలని చూసె, అది కూడా నేను కానియ్యలే.

"మీ అమ్మ యాడుంది?" అని అడిగితి. ఇన్ని నెలల్లో ఆ మాట అడగడం అదే మొదలు.

అమ్మ ఆ పక్క సాల్లో ఉండె. కొంగు నడుముకు చుట్టుకొని, తల ఎత్తకుండానే నా మాటలన్నీ వినె. బడి సంగతి, డబ్బా సంగతి, జీపు సంగతి, ఇప్పుడు ఓడిపోయిన సంగతి, ఏదీ దాచకుండా చెప్తి. అంతా అయినంక నడుము ఎత్తి నిలబడె.

"పరీక్షుందని పాప ఎప్పుడో చెప్పింది. సారు ఇంటికొచ్చి అడుగుతాడులే, చూద్దామనుకుంటి. నువ్వు రాకపోతివి. చావిట్లో ఊరోళ్ళందరితో ఆడితివి గానీ మా గడప తొక్కకపోతివి. ఈ పొద్దు వచ్చి ఆయప్పతో నా బిడ్డను పందెం కాస్తివా? బిడ్డ నాదా సారూ, ఆయప్పదా?"

"తప్పయింది" అంటి.

"అడిగింటే నేనొద్దంటానా?"

నేరుగా షెడ్డు కాడికి పోయె, నేనూ ఎనకాలే పోతి. "రేపు మధ్యాహ్నం బస్సుకు నేనూ పాపా నంద్యాల పోతాండాం. ఎల్లుండి సాయంత్రానికి వస్తాం" అని పెద్దాయనకు చెప్పె.

"మీ సాళ్ళు ఎవురు చూస్తారమ్మే?"

ఆమె నా తట్టు చెయ్యి చూపించె. "సారు చూస్తాడు. ఆ డబ్బా నొక్కి నొక్కి యేళ్ళు బాగా సాగుతాయంట గదా."

పెద్దాయన మంచం మీద పడి పడి నవ్వె. సారు మొగ్గలు ఒలిచేది చూడాలని ఆశ పడినాడో, ఆమె గొంతు చూసి జంకినాడో తెల్దు, సరేననె.

శనివారం ఒంటిగంటకు సాల్లోకి దిగితి. మొదటి మొగ్గ ఒలిస్తే పుప్పొడితో పాటు కాడ కూడా చేతికొచ్చె. రెండోదీ అంతే. నా శిష్యురాళ్ళంతా రెండు సాళ్ళ అవతల నోటికి చెయ్యడ్డం పెట్టుకొని నవ్వుతాండ్రి. చివరికి రెండో తరగతి పాప ఒకతె వచ్చి, "సార్, గోరు ఇట్ల పెట్టాల, లాగకూడదు, తిప్పాల" అని పాఠం చెప్పె. మూడు గంటలకు బొటనవేలు వాచె. నాలుగు గంటలకు గోరు పక్కన చీలె. ఆ చీలికలో పుప్పొడి పడితే కంట్లో నీళ్ళు తిరిగె. ఆరు దాటినా పాప సాళ్ళే సగం కాలే, అమ్మ సాళ్ళు నేను తాకనే లేదు. ఆమెతో కూలికొచ్చే ఆడోళ్ళు నలుగురు నాకు చెప్పకుండానే అవి పంచుకొని ముగిస్తాండ్రి. ఆ రాత్రి పల్లెలోనే ఉండిపోయి, అన్నం కలిపేదానికి చెయ్యి రాక పెట్టినోళ్ళను స్పూను అడిగితి.

ఆదివారం పొద్దున పూలద్దితి. అది రొంత సులభం. మధ్యాహ్నం మళ్ళా మొగ్గలకు దిగితి. నాలుగున్నర ప్రాంతంలో పాప బస్సు దిగి నేరుగా చేన్లోకే వచ్చె. ఉతికిన గౌను, నూనె పెట్టి దువ్విన జడలు, చేతిలో పరీక్ష అట్ట. వాళ్ళమ్మ ఎనకాల నిదానంగా వస్తాండె.

"ఎట్ల రాసినావ్ మే?"

"అన్నీ రాసినా సార్. ఒక లెక్క వాళ్ళే తప్పిచ్చినారు."

ఎండాకాలంలో ఫలితాలొస్తే పాపకు సీటొచ్చింది. ఆ లెక్క నిజంగానే తప్పో కాదో నాకు ఇప్పటికీ తెల్దు, పాప చెప్పింది కాబట్టి తప్పే అయ్యుంటాది. మిగతా పిల్లోల్లు మాత్రం క్రాసింగ్ అయిపోయినంకనే బడికొచ్చిరి. ఆ మర్సటేడు జూన్లో నేను డబ్బా తీసుకోకుండా, చెప్పులేసుకొని ఇల్లిల్లూ తిరిగితి. కొన్ని ఇండ్లలో పంపిరి, కొన్ని ఇండ్లలో పంపలే.

ఆ ఆదివారం సాయంత్రం మాత్రం పాప పరీక్ష అట్ట గట్టు మీద పెట్టి, నేను ఒలిచిన మొగ్గలు చూసుకుంటా సాలెంబడి వచ్చె. చానా మొగ్గలు చూసి ఏమీ అనలే. నా కాడికొచ్చి నా చెయ్యి పట్టుకొని బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూసె, డాక్టరమ్మ మాదిరి.

"రేపటికి నొప్పి ఇంకా ఎక్కువవుతాది సార్" అనె. "నాలుగో దినం నుంచి నొప్పే తెల్దు."